పేరమ్మ చేతి ఉప్పు

అమ్మవారి గుడిలో పులిహోర వండే పేరమ్మ నైవేద్యం కాకముందు మెతుకు కూడా నోట పెట్టదు. అది ఆ గుడి ఆచారం. కొత్తగా వచ్చిన దివానుగారికి మాత్రం అన్నీ అనుమానాలే.

"రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందని ఎలా చెప్తావు? తప్పిందో, నీ కొలువు ఊడుతుంది!"

పేరమ్మ ఒకసారి తన చేతివంక చూసుకుంది.

"సరిపోయిందయ్యా. నమ్మకం లేకపోతే అమ్మవారికంటే ముందు మీరే ఎంగిలి చేయండి" అని గరిటె చాపింది.

దివాను గబుక్కున వెనక్కి జరిగాడు.

నైవేద్యం కాగానే విస్తరి ముందు కూర్చున్నాడు. "ఇంకా తేలలేదు, ఇంకాస్త వెయ్యి" అంటూ అంటూ గుండిగ ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని, "ఏమో, ఇప్పటికీ అనుమానమే!" అన్నాడు.

"ఇక మిగిలింది గుండిగేనయ్యా" అంది పేరమ్మ. "అది నా చేతి వంట కాదు, కంచరివాణ్ణి అడగండి."