పొట్టి గిటార్

ఏడేళ్లలో కిరీటి ఐదు బేస్ గిటార్లు మార్చాడు. అయినా కిందటి వారం రికార్డింగ్‌కి అతన్ని రావద్దన్నారు. "నీ గిటార్ వినబడుతోంది గానీ పాట వినబడటం లేదు" అన్నాడు బ్యాండ్ పెద్ద. లోపం ఈ ఐదోదానిలో కూడా ఉందనుకున్నాడు కిరీటి.

అతని గురువు దైవాధీనం మాస్టారు నలభై ఏళ్లుగా రాక్ పాటలకి బేస్ వాయిస్తున్న మనిషి. విశాఖపట్నం అల్లిపురంలో ఒక సైకిల్ షాపు మీద గదిలో సాధన చేసేవారు. ఆయనా గిటార్లు మార్చినవారే. కుర్రతనంలో దుంగలాంటి బరువైనది, నడివయసులో తేలికైనది, ఇప్పుడేమో మెడ పొట్టిది, పిల్లలు నేర్చుకోవడానికి వాడేలాంటిది. మాస్టారే మార్చినప్పుడు తను మారిస్తే తప్పేమిటని కిరీటి సర్దిచెప్పుకునేవాడు.

ఆ సాయంత్రం గదిలో స్నేహితులిద్దరు అతన్ని ఆట పట్టించారు. "రికార్డింగ్‌కి రావద్దన్నారటగా?"

కిరీటికి మొహం మాడిపోయింది. ఏదో ఒకటి అనాలి. గోడకి ఆనించి ఉన్న మాస్టారి పొట్టి గిటార్ అందుకుని పైకెత్తి చూపించాడు.

"నా సంగతి సరే. మా మాస్టారు చివరికి బొమ్మ గిటార్‌కి దిగారు చూడండి. వయసైపోయింది పాపం!"

ఎవరూ నవ్వలేదు. మూల కూర్చుని డ్రమ్ము బిగిస్తున్న పట్టాభి తలెత్తి గుమ్మం వైపు చూశాడు. అక్కడ మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. సాధనకి ముందు ఆయన వేణ్ణీళ్లలో చేతులు ముంచుకుంటారు. ఈ అలవాటు మొదలైన రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు కిరీటి. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

"నీ కొత్త గిటార్ ఇలా ఇవ్వు" అన్నారు మాస్టారు. "నువ్వు ఆ పొట్టిదాన్నే ఉంచుకో. ఒక పాట వాయిద్దాం."

"మాస్టారూ, నేనేదో సరదాకి..."

"పర్లేదు నాయనా. తగిలించుకో."

"అధీనం, వద్దురా" అన్నాడు పట్టాభి. ముప్పై ఏళ్ల స్నేహం వాళ్లది.

"కొట్టరా నువ్వు."

పట్టాభి కర్రలు ఎత్తాడు.

పొట్టి గిటార్ మీద కిరీటి చేతులు పరుగెత్తాయి. నాలుగు దెబ్బలు పడేసరికి అతనికే తెలిసిపోయింది. అదే మోత. పట్టాభి ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడికి తన తీగ ఎగబడుతోంది. ఐదు గిటార్ల మీదా విన్న మోతే ఇది.

పక్కన మాస్టారు ఆ పొడుగు మెడ మీద వేళ్లు చాపబోయారు. ఎడమ చేతి చివరి రెండు వేళ్లూ విచ్చుకోలేదు. మొదటి స్వరం తప్పింది. రెండోదీ తప్పింది. ఆయన నుదుట చెమట పట్టింది. పట్టాభి చూసీ చూడనట్టు లయ కాస్త తగ్గించాడు.

కిరీటి చేతులు ఆగిపోయాయి. వెళ్లి ఆ గిటార్ లాక్కుందామనిపించింది. కదల్లేకపోయాడు.

మాస్టారు ఆపలేదు. అందని స్వరాలు వదిలేశారు. అందినవి మాత్రం, నాలుగుండాల్సిన చోట ఒక్కటి, పట్టాభి దెబ్బతో కలిపి వేశారు. పాట నిలబడింది. స్నేహితుల పాదాలు వాటంతటవే కదిలాయి. పాట చివరిదాకా కిరీటి నేల చూస్తూనే ఉన్నాడు.

మాస్టారు భుజం మీంచి గిటార్ తీసి జాగ్రత్తగా అతని చేతికిచ్చారు.

"మంచి వాద్యం. నా వేళ్లకే అందలేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే బాగుండునని కిరీటికి అనిపించింది.

దిగిపోతుంటే మెట్ల మీద పట్టాభి అతన్ని కలుసుకున్నాడు. "అధీనం భుజం దెబ్బతిని మొదటి గిటార్ వదిలాడు. వేళ్లు బిగుసుకుని రెండోది వదిలాడు. ఏదీ ఇష్టపడి వదల్లేదు బాబూ."

కిరీటి మళ్లీ పైకెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారు వేళ్లు ఒక్కొక్కటే నొక్కుకుంటున్నారు.

"రేపు రా" అన్నారు తలెత్తకుండానే. "గిటార్ తేకు."

మర్నాడు అతను ఖాళీ చేతులతో వచ్చాడు. మాస్టారు పట్టాభి పక్కన ఒక స్టూలు చూపించారు. సాధన గంటన్నర సాగింది. కిరీటి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మొదట్లో అవమానంగా ఉంది. తర్వాత పొట్టి గిటార్ ఎక్కడ పలుకుతోందో, ఎక్కడ ఊరుకుంటోందో వినబడటం మొదలైంది. ఏడేళ్లుగా ఈ గదిలో తను ఏం చేస్తున్నట్టు?

అందరూ వెళ్లిపోయాక మాస్టారు తీగలు తుడుస్తూ అడిగారు.

"ఏం విన్నావు?"

కిరీటి నోరు తెరిచాడు. మాటలతోనూ మోత పెట్టబోతున్నానని తోచింది. తల దించుకున్నాడు.

మాస్టారు తీగలు తుడిచిన గుడ్డ మడతపెట్టారు.

"సరే," అన్నారు. "రేపు కూడా అక్కడే కూర్చో."