చిందులేరుకు తాడు పట్టిన గబ్బిలం

ఒకప్పుడు ఏరులన్నీ ఎండలోనే పారేవి. నేల కింద పారే ఏరంటే ఎవరికీ తెలీదు. గబ్బిలం కూడా పిచ్చుకలాగే కొమ్మ మీద దర్జాగా, తల పైకెత్తి కూర్చునేది.

నల్లమల కొండల్లో చిందులేరు అని ఒక ఏరుండేది. దానికి అస్సలు నిలకడ లేదు. రాయి తగిలితే నవ్వు, చేప తోకాడిస్తే నవ్వు, ఆకు రాలితే నవ్వు. ఒకటే గోల!

ఆ నవ్వంటే సూర్యుడికి మహా ఇష్టం. "ఒక్క గుక్కే, ఒక్కటంటే ఒక్కటే" అంటూ రోజూ వంగి తాగేవాడు. తాగి తాగి ఒక వేసవిలో ఏరును జానెడు చేసేశాడు. దుప్పులు నాలుక చాపితే బురద తగిలింది. ఏరు ఎండితే కొండంతా ఎండిపోతుంది కదా!

"నా పొట్టంతా డొల్లే. లోపలికొచ్చి పారవే, అక్కడికి ఎండ రాదు" అంది కొండ.

కానీ లోపలికి దారి నిట్టనిలువు బిలం. దూకితే ఏరు తుంపరలు తుంపరలైపోయి, రాళ్ళ చీలికల్లో ఇంకిపోతుంది.

"దూకడమెందుకు? తాడు పట్టుకుని దిగు" అంది చెంచుగూడెం ఈదమ్మ, ఖాళీ కుండ చంకనెత్తుకుని. "మా ఆయన తేనె కోసం లోయలోకి అట్లనే దిగుతాడు."

అడవిలో తాడులా అల్లుకునే పొడవాటి అడ్డతీగ తెచ్చారు. మరి పైన పట్టుకునేదెవరు?

"నేను!" అంది ఎలుగుబంటి.

"తేనెపట్టు కనిపిస్తే?"

"అప్పుడు మాత్రం... ఒక్క క్షణం వదుల్తా."

"పో పక్కకి!"

"నేనున్నాగా!" అంది కోతి. అంటూనే రెండు చేతుల్తో వీపు గోక్కుంది. అందరూ గొల్లున నవ్వారు.

ఈదమ్మ చెయ్యెత్తింది. "ఆగండ్రా! మాలో తాడు ఎవరుపడితే వాళ్ళు పట్టరు. బావమరిదే పట్టాలి. మా ఆయనకు నా తమ్ముడు పడతాడు. వదిలాడంటే సొంత అక్క బతుకే కూలుద్ది. అందుకని వాడు తుమ్ము కూడా ఆపుకుంటాడు!"

"బాగుందమ్మా! ఏరుకు పెళ్ళెప్పుడైంది? బావమరిది ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు?" అని నెమలి ఎగతాళి చేసింది.

"ఏరు పోతే ఎవరి ఇల్లు ముందు కూలుతుందో, వాళ్ళే బావమరిది!"

"అయితే నేనే" అంది గబ్బిలం.

"నువ్వా? పిడికెడు లేవు!"

"లేను! అయితే ఏం? నువ్వు ఇంకో వాగుకు నడిచిపోతావు, నెమలక్కా. నా పిల్లల తిండి ఈ నీటి మీద ముసిరే దోమలే. నీళ్ళు లేకపోతే దోమల్లేవు. పిల్లలకు ఇంకా ఎగరడం రాదు. వాళ్ళందర్నీ మోసుకుని నేనెక్కడికి పోను? చెప్పండి! కాదనేవాళ్ళుంటే ముందుకు రండి!"

నెమలి పక్కకు తప్పుకుంది. "వీడే బావమరిది!" అని ఈదమ్మ చప్పట్లు కొట్టింది.

గబ్బిలం బిలం అంచున నిలబడి తీగ పట్టుకుంది. తీగ జర్రున జారింది! గబ్బిలం బలమంతా కాలి గోళ్ళలోనే ఉంది మరి. అందుకని కాళ్ళతో బిలం మీదికి వంగిన రాతికప్పును పట్టుకుని, తల కిందికి వేలాడేసి, రెక్కల్లో తీగ బిగించింది.

చిందులేరు తీగను చుట్టుకుని దిగింది. సగం దూరం పోయాక తీగ ఆకులు చక్కిలిగింతలు పెట్టాయి. ఇంకేముంది! పకపకా నవ్వింది. తీగ ఊగింది, గబ్బిలం ఊగింది, కొండ పొట్ట కూడా ఊగింది.

"నవ్వకే తల్లీ! నా గోళ్ళు ఊడుతున్నాయి!"

"నవ్వకుండా ఎట్లా బావమరిదీ? తలకిందులుగా నీ మొహం ఎంత బాగుందో!"

గబ్బిలం నవ్వాపుకోలేక కీచుమంది. కానీ పట్టు వదల్లేదు. పైనుంచి సూర్యుడు "ఒక్క గుక్క!" అని తొంగిచూశాడు. చుక్క కూడా అందలేదు.

అడుగున చల్లటి ఇసుక తగిలింది. "చేరావా? ఇక వదలనా?" అని అరిచింది గబ్బిలం.

"అయ్యో వద్దు! నా తల చేరింది. నడుము దారిలో ఉంది. తోక ఇంకా కొండ వెనకే ఉంది!"

"ఎంతుందే నీ తోక?"

"వాన పడ్డప్పుడల్లా పెరుగుతుంది!"

ఇప్పుడు ఆ అడవి అభయారణ్యం. ఏరును చూడ్డానికి పడవలో గుహలోకి వెళ్ళేవాళ్ళతో కాపలావాళ్ళు, "టార్చి పైకి వేయకండి, అరవకండి" అని మరీ మరీ చెబుతారు. పైన పని జరుగుతోంది కదా! అప్పటినుంచే చిందులేరు ఎండ కంటపడకుండా కొండ కింద పారుతోంది, గబ్బిలాలు వంతులేసుకుని కప్పుకు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఏరు ఇంకా దిగుతూనే ఉంది.