బురద మీద పట్టాభిషేకం

గోదారి సముద్రంలో కలిసే చోట ఏది నేలో, ఏది నీరో చెప్పడం కష్టం. పొద్దున నేలగా ఉన్నది మధ్యాహ్నానికి నీరైపోతుంది. అక్కడ పెరిగే మడచెట్లకీ అదే అయోమయం. వేళ్ళు కిందికి దిగాల్సింది పోయి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తుంటాయి. చెట్లే అలా ఉంటే ఇక జంతువుల సంగతి చెప్పేదేముంది.

ఆ మడ అడవి అంచున నూకరాజు అనే చేప ఉండేవాడు. పేరుకే చేప. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోగానే బురద మీదికెక్కి, ముందు రెక్కలు రెండూ ఊతకర్రల్లా ఆనించుకుంటూ నడిచేవాడు. కళ్ళు నెత్తిమీద ఉండేవి. ఒళ్ళు ఆరిపోతోందనిపిస్తే బురదలో ఓ పొర్లు పొర్లి మళ్ళీ బయల్దేరేవాడు. నీళ్ళలోని చుట్టాలు తలలు పైకెత్తి, "అంత సముద్రం ఉండగా నీకీ నడక ఖర్మేంట్రా" అంటే, "సముద్రంలో మీరున్నారు కదండీ" అనేవాడు.

ఆ రోజుల్లో నూకరాజు ఇంట్లో గుడ్లున్నాయి. బురద అయిపోయి గట్టినేల మొదలయ్యే చోట అతని బొరియ. భార్య గుడ్లు పెట్టేసి, "ఇక నీ పని" అని వెళ్ళిపోయింది. వాళ్ళ జాతిలో అదే రివాజు. బొరియ నిండా నీళ్ళే గానీ, అడుగున చిన్న గది ఉంది. ఆ గది పైకప్పుకి గుడ్లు అతికించి ఉన్నాయి. వాటికి గాలి కావాలి. గాలి తనంతట తాను నీళ్ళలోంచి దిగి రాదు. అందుకని నూకరాజు పైకొచ్చి, బుగ్గలు బూరెల్లా ఉబ్బేదాకా గాలి మింగి, లోపలికి దిగి గదిలో వదిలిపెట్టి, మళ్ళీ పైకొచ్చేవాడు. పొద్దస్తమానం అదే పని. అతనితో మాట్లాడాలంటే నోరు ఖాళీగా ఉన్న సమయం చూసుకోవాలి.

అతని స్నేహితుడు అప్పలకొండ పీత. బురదమైదానం మధ్యలో చిన్న దిబ్బ మీద అతని బొరియ. అప్పలకొండకి ఒక చెయ్యి ఒంటికంటే పెద్దది, రెండోది చెంచా అంత. చెంచా చేత్తో తిండి తినేవాడు. పెద్దచెయ్యి పెళ్ళి ప్రయత్నాలకే. ఆ జాతి మగపీతలన్నీ అంతే. ఆటు రాగానే బొరియల ముందు నిలబడి, పెద్దచెయ్యి ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం. దారినపోయే ఆడపీతల్లో ఎవరో ఒకరు చూడకపోతారా అని.

"ఎన్నాళ్ళూపుతావు అప్పలకొండా?" అని నూకరాజు ఓసారి అడిగాడు.

"సంబంధం కుదిరేదాకా అండి."

"చెయ్యి నొప్పెట్టదా?"

"పెడతాదండి. దించితే పక్కోడికి కుదిరిపోద్దేమోనని భయం."

ఇలా ఉండగా ఒక పొద్దున ఆ ఒడ్డుకి ఒక నక్క వచ్చింది. అతని పేరు సింహాద్రి. వాళ్ళమ్మ మొక్కుకుని పెట్టిన పేరు. రొయ్యల చెరువుల గట్ల మీద దొరికింది తిని బతికేవాడు. ఆ పొద్దున చెరువుల దగ్గరి కుక్కలు తరుముకుంటే, దిక్కు తెలియక పరిగెత్తి మడ అడవిలో పడ్డాడు. ఆకలిగా ఉంది. దానికి మించి అవమానంగా ఉంది. పుట్టిన దగ్గర్నించీ అతన్ని చూసి "రా" అన్నవాళ్ళు లేరు. "పో" అన్నవాళ్ళే. అదీ రాయి విసిరి.

చెట్ల మధ్యలోంచి తల బయట పెట్టేసరికి, ఎదురుగా బురదమైదానం. దాని మీద కనుచూపుమేర పీతలు. అన్నీ పెద్దచేతులెత్తి ఊపుతున్నాయి.

సింహాద్రి వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఎవరూ లేరు.

"అంటే నాకే" అనుకున్నాడు.

అప్పుడే నూకరాజు బొరియ పక్కన బుగ్గలు ఉబ్బించుకుని, లోపలికి దిగడానికి సిద్ధంగా ఉన్నాడు. సింహాద్రి అతన్ని చూసి, "ఏమయ్యా, వీళ్ళంతా నన్నేనా పిలుస్తున్నారు?" అని అడిగాడు.

నూకరాజు నోటినిండా గాలి. మాట్లాడితే పోతుంది. గుడ్లు ఎదురుచూస్తున్నాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి తల ఊపి, బుడుంగుమని లోపలికి వెళ్ళిపోయాడు.

"చూశావా, దండం పెట్టి మరీ లోపలికెళ్ళాడు" అని సింహాద్రి తనకు తనే చెప్పుకున్నాడు.

ముందుకి నాలుగడుగులేశాడు. దగ్గర్లోని పీతలన్నీ చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. సింహాద్రి ఆగాడు. వెనక్కి వచ్చాడు. పీతలు బయటికొచ్చి మళ్ళీ చేతులూపాయి. ముందుకెళ్ళాడు, మాయం. వెనక్కొచ్చాడు, ప్రత్యక్షం.

"భయభక్తులు" అన్నాడు సింహాద్రి. "నేను దూరంగా ఉంటే భక్తి, దగ్గరికొస్తే భయం. ఇది రాజు దగ్గర తప్ప ఎక్కడా ఉండదు. అయితే వీళ్ళు నన్ను రాజుగా ఎన్నుకున్నారన్నమాట."

రాజ్యం వచ్చిందని తేలగానే అతనికి రాజభోజనం గుర్తొచ్చింది. నూకరాజు నోరు ఖాళీ చేసుకుని పైకి వచ్చేసరికి సింహాద్రి ఒళ్ళు విరుచుకుంటున్నాడు.

"నీ పేరేంటి?"

"నూకరాజండి."

"ఆ చివర రాజు తీసెయ్. ఇక్కడ రాజు ఒకడే. నూకా, విను. రోజూ పొద్దున్నే నాకు కడుపునిండా పీతలు పంపాలి. వాళ్ళలో వాళ్ళు వంతులు వేసుకుంటారో, ముచ్చటపడి వాళ్ళే వస్తారో, నాకనవసరం. ఇవాళ్టికి మాత్రం ఇక్కడే కూర్చుని దర్శనమిస్తాను."

అని చెప్పి, మెత్తగా, చల్లగా ఉన్న చోటు వెతుక్కుని కూర్చున్నాడు. అది నూకరాజు బొరియ మూతి.

నూకరాజుకి గుండె ఆగినంత పనైంది. అతను బయట, గుడ్లు లోపల, మధ్యలో నక్క. లోపల వదిలిన గాలి కాసేపే వస్తుంది. కరుద్దామంటే నక్క వెనకభాగం కొండంత ఉంది. ఏడిస్తే ఉపయోగం లేదు. బతిమాలితే, బొరియలో ఏముందో తవ్వి చూస్తాడు.

నూకరాజు ఒళ్ళు తడుపుకోవడానికి ఓ పొర్లు పొర్లాడు. ఆలోచన కూడా అందులోనే దొరికింది.

"తమరు ఇక్కడ కూర్చున్నారేంటండి?" అన్నాడు నిదానంగా.

"ఏం, కూర్చోకూడదా?"

"కూర్చోవచ్చండి. కానీ ఇది గుమ్మం. రాజుగారు గుమ్మంలో కూర్చుంటే కాపలావాడనుకుంటారు. సింహాసనం అదిగో, ఆ మధ్యలో దిబ్బ మీద."

సింహాద్రి కళ్ళు చికిలించి చూశాడు. ఎంతైనా నక్క. "నువ్వు చేపవి. నేలమీద నడుస్తున్నావు. నీ వాలకమే నాకు నమ్మకంగా లేదు. నీ మాటెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దండి. మీ కళ్ళతో మీరే చూడండి. ఈ అంచున ఉన్నోళ్ళు ఏదో మొహమాటానికి ఊపుతున్నారు. ఆ దిబ్బ చుట్టూ ఉన్నోళ్ళు చూడండి, చేతులూడిపోయేలా ఊపుతున్నారు."

అది నిజమే. ఆడపీతలు తిరిగేది ఆ దిబ్బ చుట్టూనే.

"మధ్యలో అంతా బురద కదయ్యా."

"బురద కాదండి. మీరొస్తారని అలికి ఉంచారు. తడి ఆరలేదు, అంతే."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది."

"అది మామూలు నక్కలకండి. రాజులకి కాళ్ళు కడిగేవాళ్ళు వేరే ఉంటారు."

"నాకెవరు కడుగుతారు?"

"సముద్రుడేనండి. కాసేపట్లో స్వయంగా వచ్చేస్తాడు. ఆయ్."

ఆ మాటతో సింహాద్రి లేచాడు. సముద్రుడు వచ్చి కాళ్ళు కడుగుతానంటే ఇంకా గుమ్మంలో కూర్చునే రాజెవరు. తోక పైకెత్తి, మెడ నిక్కించి దిబ్బ వైపు బయల్దేరాడు.

అతను అటు వెళ్ళగానే నూకరాజు బుగ్గల నిండా గాలి మింగి బొరియలోకి దూకాడు. గుడ్లు పదిలంగా ఉన్నాయి. గాలి వదిలి, ఊపిరి పీల్చుకున్నాక గానీ అతనికి ఒక సంగతి తట్టలేదు. ఆ దిబ్బ మీదే అప్పలకొండ ఇల్లు.

"అయ్యో" అనుకున్నాడు. తర్వాత, "వాడికి తలుపుంది. నా పిల్లలకి తలుపు మీద నక్క కూర్చుంది. ఏం చెయ్యను" అనుకుని మళ్ళీ గాలికి పైకొచ్చాడు.

అక్కడ సింహాద్రి కాళ్ళు మొదట పంజాల దాకా, తర్వాత మోకాళ్ళ దాకా దిగబడుతున్నాయి. మడచెట్ల వేళ్ళు పొట్టకి గుచ్చుకుంటున్నాయి. "అలకడం బాగానే అలికారు, కాస్త పలచగా అలకాల్సింది" అని గొణుక్కుంటూ దిబ్బ దగ్గరికి చేరాడు.

సరిగ్గా అదే సమయానికి అప్పలకొండ జీవితంలో మొదటిసారిగా ఒక ఆడపీత అతని ముందు ఆగింది. పేరు నాగరత్నం.

"ఇల్లు లోతేనా?" అని అడిగింది.

"లోతేనండి. వచ్చి చూడండి."

"తేమ ఉందా?"

అప్పలకొండ జవాబు చెప్పేలోగా ఇద్దరి మీదా నీడ పడింది. నాగరత్నం మారు మాట్లాడకుండా అతని బొరియలోకి దూరింది. అప్పలకొండ ఆమె వెనకే దూరి, బురదముద్ద లాగి తలుపు బిగించాడు. మైదానం మీది పీతలన్నీ అదే పని చేశాయి. వాళ్ళు నక్కకి ఎంత భయపడతారో పోటుకి కూడా అంతే. నీళ్ళు వచ్చే వేళ అయింది.

సింహాద్రి దిబ్బ మీద, మోకాళ్ళ దాకా బురదలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ప్రజలారా" అన్నాడు.

ఒక్క బుడగ పేలిన చప్పుడు కూడా రాలేదు.

"సిగ్గుపడకండి. ఒక్కొక్కరే రండి."

ఎవరూ రాలేదు. ఆకలి మాత్రం వచ్చింది. రాజరికం సంగతి తర్వాత చూద్దామని, సింహాద్రి వాళ్ళ నాన్న నేర్పిన పాత విద్య గుర్తుచేసుకున్నాడు. పీత బొరియలో తోక పెట్టాలి. పీత పట్టుకుంటుంది. లాగాలి, తినాలి. కష్టపడి వెనక్కి తిరిగి, దగ్గర్లో కనిపించిన మూత పొడిచి తోక లోపలికి తోశాడు.

లోపల నాగరత్నం గోడకి నక్కింది. "ఇదేంటండి, మీ ఇంట్లోకి ఎవరిదో బొచ్చు దిగుతోంది?"

అప్పలకొండ ఆమె వైపు చూశాడు. తోక వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఊపడానికే వాడిన పెద్దచెయ్యి మొదటిసారి తెరిచాడు, ఉన్న బలమంతా పెట్టి మూశాడు.

సింహాద్రి వేసిన కేక విని చెరువుల దగ్గర కుక్కలు చెవులు నిక్కించాయట.

వాళ్ళ నాన్న చెప్పిన ప్రకారం ఇప్పుడు లాగాలి. లాగడానికి కాళ్ళు కదలవు. లోపల అప్పలకొండ ఎనిమిది కాళ్ళూ గోడకి తన్నిపెట్టి ఉన్నాడు. ఇంతలో చల్లగా ఏదో మోకాళ్ళకి తగిలింది. సముద్రుడు మాట తప్పలేదు. కాళ్ళు కడిగాడు. నడుం కడిగాడు. మెడ దాకా వచ్చాడు.

నీళ్ళు లోపలికి దిగేసరికి బురద పట్టు వదిలింది. సింహాద్రి ప్రాణాలు పణంగా పెట్టి ఒక్క ఊపు ఊపాడు. కిందేదో పుటుక్కుమంది. తోక బయటికొచ్చింది, అప్పలకొండ పెద్దచెయ్యి మొత్తం దానికి వేలాడుతూ వచ్చింది. వెనక్కి తిరిగి చూసుకునే ఓపిక లేక, తలొక్కటే పైకి పెట్టి ఈదుకుంటూ ఒడ్డుకి పడ్డాడు.

ఒడ్డున ఒక వేరు మీద నూకరాజు కూర్చుని ఉన్నాడు. నోరు ఖాళీగానే ఉంది.

"సముద్రుడొచ్చాడాండి?"

"వచ్చాడు" అన్నాడు సింహాద్రి వణుకుతూ.

"కాళ్ళు కడిగాడా?"

సింహాద్రి దగ్గి, ఇంత ఉప్పునీళ్ళు కక్కుకుని, బురదలో పడుతూ లేస్తూ చెట్లలోకి వెళ్ళిపోయాడు.

మర్నాటి ఆటుకి నూకరాజు బురద మీద కుంటుకుంటూ అప్పలకొండని వెతుక్కుంటూ వెళ్ళాడు. క్షమాపణ చెప్పాలని. అప్పలకొండ బొరియ ముందు చెంచా చెయ్యి ఒక్కదాంతో తాపీగా తింటున్నాడు.

"నేనే పంపాను అప్పలకొండా. గుడ్ల మీద కూర్చున్నాడు. నీ చెయ్యి పోయింది."

"పోతే వస్తాదండి, మా జాతికి మళ్ళీ మొలుస్తాది" అన్నాడు అప్పలకొండ. "అయినా ఇక ఊపే పని లేదు కదండి." లోపల్నించి నాగరత్నం గొంతు, తేమ చాలదని గోడ తవ్వమంటోంది.

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. అప్పలకొండ ఏకంగా పట్టుకున్నాడు.

సింహాద్రి మాత్రం రొయ్యల చెరువుల గట్టు మీదికే తిరిగొచ్చాడు. ఒంటి నిండా ఎండిన బురద, నడవలేక నడుస్తున్నాడు. అక్కడి నక్కలన్నీ చుట్టూ మూగాయి.

"ఎక్కడికెళ్ళావు బావా?" అంది ఒక నక్క.

"మడ అడవికి. అక్కడ నన్ను రాజుని చేశారు. నేనే వద్దన్నాను."

"ఒంటికి ఆ బురదేంటి?"

"పట్టాభిషేకం చేశాక పూసే గంధం."

నక్కలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఓ ముసలినక్క చుట్టూ తిరిగి, వెనక ఆగి, చాలాసేపు చూసింది.

"అది సరే అబ్బాయ్, తోకకి ఆ పీత చెయ్యేంటి?"

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు.

"వెళ్ళొద్దు, ఉండిపొమ్మని మరీ పట్టుకున్నారు" అన్నాడు.

నీతి: చెయ్యి ఊపేవాడు ఎవరి కోసం ఊపుతున్నాడో ముందు కనుక్కో, లేకపోతే ఆ సంగతి బురద చెబుతుంది.