చుక్కమ్మ కూర్చున్న చోటు

ఏడాదికి ఎనిమిది నెలలు మంచు కురిసే దేశంలో, కుక్కలు లాగే బండి మీద యాత్రికుల్ని తిప్పే నక్క ఒకటి ఉండేది. దాని పేరు జిత్తులయ్య. పని ఎనిమిది కుక్కలది, గొప్ప నక్కది. జట్టులో ముందు నడిచేది చుక్కమ్మ అనే ముసలి కుక్క. ఏ మంచు కింద నేలుందో, ఏ మంచు కింద నీళ్ళున్నాయో దాని పాదాలకు తెలుసు. అది కూర్చుంటే బండి తోలేవాడు మారుమాట లేకుండా దారి మార్చాలి. ఆ దేశపు ఆచారం అది.

ఒకరోజు మైదానాల నుంచి ఒక మోతుబరి పొట్టేలు దిగింది. ఒంటినిండా సొంత ఉన్ని ఉండగా, పైన అద్దెకు తెచ్చిన ఉన్ని కోటు! దాని తెలివి అక్కడే తెలిసిపోయింది.

"ఏమయ్యా నక్కా, ముందు ఈ ముసల్దా? ఫొటోలో ఏం బావుంటుంది?" అంది పొట్టేలు.

"తమరి కోసం వెండిరాజు ఉన్నాడుగా దొరా!" అంటూ నక్క తెల్లబొచ్చు, నీలికళ్ళ కుర్రకుక్కను ముందు కట్టింది. వాడొచ్చి మూడు వారాలే. పైన పటారం, లోన లొటారం. అయితేనేం, కొత్త ఒక వింత, పాత ఒక రోత.

చుక్కమ్మను బండికి ఆనుకుని, బరువంతా పడే చోట కట్టి, నక్క దాని చెవిలో అంది: "ఇదే నీ ఆఖరి పరుగు. సాయంత్రం నుంచి నా పాకలో నీకు చోటు లేదు."

ఆ చలిలో పాక లేని కుక్క మర్నాటికి బతకదు.

పొట్టేలు వెనక నిలబడి పిడి పట్టుకుంది, పక్కన నక్క ఎక్కింది. బండి పరిగెత్తింది. "నేనెంత బాగా తోలుతున్నానో చూశావా!" అని పొట్టేలు మురిసిపోయింది. పిడి పట్టుకుని వేలాడటమే తోలడం అనుకుంది పాపం.

గడ్డకట్టిన సరస్సు రాగానే నక్క, "అడ్డంగా పోనీ! నడిమధ్యలో ఫొటో అదిరిపోద్ది!" అంది. వెండిరాజు తల ఎగరేసి సరస్సు మీదికి ఉరకబోయాడు. వెనక చుక్కమ్మ చటుక్కున కూర్చుంది. పాత అలవాటు కొద్దీ మిగతా ఆరూ కూర్చున్నాయి. పట్టీ బిగిసి వెండిరాజు బొక్కబోర్లా పడ్డాడు.

"లేవే ముసలిదానా!" అని నక్క కసిరింది.

"గడ్డ పల్చగా ఉందయ్యా. కింద నీళ్ళు కదులుతున్నాయి."

"ఆఖర్న కట్టినదానివి, దారి సంగతి నీకెందుకు? దొరా, దీనికి వయసొచ్చి పిరికి పట్టింది. ఎంత గట్టిగా ఉందో నేను చూపిస్తా!" అంటూ నక్క బండి దిగి, సరస్సు మీద నాలుగడుగులు వేసి, ఎగిరి ఒక్క గంతు వేసింది.

గడ్డ ఫెళ్ళుమంది. నక్క మెడలోతు నీళ్ళలో పడింది.

"అమ్మా చుక్కమ్మా! కాపాడు తల్లీ!"

పొట్టేలు పిడి వదిలేసి, బండి దిగి, ఫోను తీసింది. "అబ్బ, కాస్త కదలకయ్యా!"

చుక్కమ్మ ఒక్క అరుపు అరిచింది. జట్టంతా ఇంటివైపు తిరిగింది. బండి వెనక వేలాడే పొడుగాటి తాడు కొస మంచు మీద జారుతూ నక్క మూతి ముందుకొచ్చింది. కాళ్ళు కొయ్యబారిపోయాయేమో, నక్క దాన్ని పళ్ళతో కరిచి పట్టుకుంది. కుక్కలు లాగాయి, నక్క బయటపడింది.

"మళ్ళీ ఒక్కసారి పడవయ్యా, ఫొటో మసగ్గా వచ్చింది!" అని పొట్టేలు అరిచింది.

కుక్కలు ఆగలేదు. ఆగమని చెప్పాలంటే నక్క నోరు తెరవాలి. నోరు తెరిస్తే తాడు పోతుంది, తడిబొచ్చుతో ఆ మంచులో బిగుసుకుపోవాలి. అందుకని అంత వాగుడుకాయా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని, రెండు కోసుల దూరం పొట్ట మీద ఈడ్చుకుంటూ ఇల్లు చేరింది. పొట్టేలు రెండు ఉన్నులూ మోసుకుంటూ వెనకాల నడిచొచ్చింది.

పాక గుమ్మంలో చుక్కమ్మ వెనక్కి తిరిగింది. "అయ్యా, సాయంత్రమైంది. లోపల నాకు చోటుందా?"

నక్క ఇంకా తాడు వదల్లేదు. తల మాత్రం గబగబా ఊపింది.

నీతి: దారెరిగినవాళ్ళు కూర్చున్న చోట గంతులేసేవాడికి చన్నీళ్ళ స్నానం తప్పదు.