ఎలుగుబంటి దాహం

ఇప్పచెట్లు పువ్వు రాల్చే రోజులు. కొండవాలంతా తియ్యటి వాసన. ఆ వాలులోనే ఎలుగుబంటి బొంతయ్య, అతని భార్య నేరేడమ్మ కాపురముండేవారు. బొంతయ్యకి బలముంది, మంచితనముంది, మాటే తక్కువ. కిందటి వానల్లో వాగు పొంగి వాళ్ళ కూనను లాక్కుపోయింది. నేరేడమ్మ గట్టున కూర్చుని గుండెలు పగిలేలా ఏడ్చింది. బొంతయ్య కంట చుక్క రాలలేదు. రాతిగుండె అన్నారందరూ. కాబోలు అనుకున్నాడు అతనూ. కాకపోతే ఆనాటినుంచి రొమ్ములో ఏదో అడ్డం పడ్డట్టుండేది. ఆకలా అంటే కాదు, అలసటా అంటే కాదు.

అదేమిటో కనుక్కుందామని నక్క సింగన్న దగ్గరికి వెళ్ళాడు. సింగన్నకి తేనె అంటే ప్రాణం, చెట్టెక్కడం మాత్రం రాదు. అతని గుహ ముందు రాతిగుంటలో ఇప్పపువ్వు నాని, పులిసి, బుడగలు కక్కుతోంది.

"గొంతు పట్టేసినట్టుంటుందా బావా?"

"ఉంటుంది."

"ఒళ్ళు వేడెక్కి నోరెండుతుందా?"

"అదే, అదే."

"అయితే దాహమే. నీళ్ళతో తీరేది కాదులే" అని సింగన్న గుంట మీది ఆకులు తొలగించాడు.

తాగితే రొమ్ములో అడ్డం నిజంగానే కరిగింది. చుట్టాల మధ్య బేరమేమిటంటూనే, వచ్చినప్పుడల్లా ఓ తేనెపట్టు ముక్క తెమ్మన్నాడు నక్క.

ఇక బొంతయ్యకి అన్నీ దాహాలే. ఉరిమితే దాహం. ఎవరైనా మాటంటే దాహం. నేరేడమ్మ ఎప్పుడైనా నవ్వితే దాహం. వాగు చప్పుడు వినబడితే మరీనూ. కూన గుర్తొస్తోందా అని ఆమె అడిగితే, లేదు, దాహమేస్తోందనేవాడు. అబద్ధం కాదు పాపం, అతనికి తెలిసిన పేరు అదొక్కటే. చివరికి ఆమె విసిగి, ఇంకొక్కసారి ఆ గుంట దగ్గరికి వెళితే అన్నగారి కొండకి పోతానని చెప్పేసింది. వెళ్ళనని దేవుడి మీద ఒట్టేశాడు బొంతయ్య. మనసారానే వేశాడు.

ఎలుగుల్లో ఒక కట్టుబాటుంది. ఒకరు తేనెకి చెట్టెక్కితే రెండోవారు చెట్టు మొదలుకి వీపానించి నిలబడాలి. ఎలుగు వెనక్కి వెనక్కి దిగుతుంది, కింద ఏముందో చూడలేదు. ఆ భుజమ్మీద కాలు మోపి నేలకి దిగుతుంది.

ఒక ఉదయం వాగొడ్డున నున్నటి మద్దిచెట్టు ఎక్కింది నేరేడమ్మ. బొంతయ్య కింద నిలబడ్డాడు. పైన కొమ్మ కిర్రుమంది. అతని గుండె దడదడలాడింది, కాళ్ళు వణికాయి, నోరెండిపోయింది. తేనెకోసం పొదలో కాచుకున్న సింగన్న అది చూశాడు.

"దాహమా బావా? ఆమె దిగడానికి చాలా సేపుందిలే. ఓ గుక్క తాగి వచ్చెయ్" అన్నాడు మెల్లగా.

బొంతయ్య వెళ్ళాడు. ఒక గుక్కతో ఆగలేదు. నేరేడమ్మ దిగుతూ, ఎప్పటిలాగే భుజమ్మీదికని కాలు వదిలింది. అక్కడ భుజం లేదు. రాళ్ళ మీద పడి తొడ విరిగింది.

తిరిగొచ్చేసరికి ఆమె చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది. నక్క అప్పటికే తేనెపట్టు నోట కరుచుకుని పోయాడు.

"ఎందుకెళ్ళావు మావా?"

"కొమ్మ కిర్రుమంటే గుండె కొట్టుకుంది. ఒళ్ళంతా వణికింది. దాహమనుకున్నా."

నేరేడమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది దాహం కాదు. నాకోసం భయపడ్డావు."

"మరి... వాగు దగ్గర వచ్చేది?"

"అది ఏడుపు మావా."

బొంతయ్య అక్కడే చతికిలబడ్డాడు. అన్నాళ్ళూ రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. నేరేడమ్మ తన చేత్తోనే తుడిచింది. తుడిచి, అన్నగారికి కబురు పెట్టించి, ఆయన భుజమ్మీద వాలి కుంటుకుంటూ ఆ కొండకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అతనికి అన్నిటి పేర్లూ తెలుసు. ఇది దిగులు, ఇది సిగ్గు, ఇది నేరేడమ్మ మీద బెంగ అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూనే సాయంత్రానికి గుంట వైపు నడుస్తాడు. మనసు నేర్చుకుంది గాని, కాళ్ళు అప్పటికే ఆ దారికి అలవాటుపడిపోయాయి.

నీతి: మన బాధకి పేరు పెట్టే పని పరాయివాడికి వదిలేస్తే, వాడు తనకి లాభమున్న పేరే పెడతాడు.