గొంగడి వీరుడి ఆకాశం

అనగనగా, కథలు కాలినడకన ఊరూరా తిరిగే కాలంలో, మబ్బుకోన సీమలో ఒక అక్కా తమ్ముడూ ఉండేవారు. అక్క పేరు బీరమ్మ. తమ్ముడి పేరు ఓబులేసు.

వాళ్ల నాయన చెన్నప్ప గొర్రెల కాపరి. కొండమీద జల్లు పడితే పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని, తన నల్ల గొంగడి ముగ్గురికీ కప్పి, కథ మొదలుపెట్టేవాడు. బయట వాన. లోపల తడి ఉన్ని వాసన, నాయన గొంతు. ఆ కాసేపూ లోకంలో ఇంకేమీ ఉండేది కాదు.

కథ ఎప్పుడూ ఒక్కడిదే. వాడి పేరు గొంగడి వీరుడు.

గొంగడి వీరుడు పగలంతా అందరిలాంటి కాపరే. గొర్రెలు కూడా అతణ్ణి లెక్కచేసేవి కావు. కానీ ఎక్కడైనా ఎవరైనా "అయ్యో!" అన్నారంటే చాలు, గొంగడి భుజాన వేసుకుని ఒక్క ఈల వేసేవాడు. గొంగడిలో గాలి నిండేది. కొండలు దాటి ఎగిరిపోయేవాడు. ఏరు పొంగితే గొంగడి అడ్డం పరిచేవాడు. దొంగలు వస్తే ఊరంతటికీ గొంగడి కప్పేవాడు, దొంగల కంటికి ఊరు నల్లటి గుట్టలా కనిపించేది. పని కాగానే గమ్మున వచ్చి మళ్లీ గొర్రెల వెనక నిలబడేవాడు.

"అంత చేశాడు గదా నాయనా, ఒక్కరికైనా చెప్పుకోడా?" అని ఓబులేసు అడిగేవాడు.

"చెప్పుకుంటే గాలి దిగిపోతుంది నాయనా" అని చెన్నప్ప నవ్వేవాడు.

కాలం ఆగదు కదా. చెన్నప్ప పోయాడు, మంద చెదిరిపోయింది. పిల్లలు కొండ దిగి పట్నం చేరారు. అక్కడ జగ్గప్ప అనే పెద్ద వర్తకుడికి బొమ్మల పుస్తకాల అంగడి ఉండేది. ఆ రోజుల్లో బొమ్మను చెక్కమీద చెక్కి, రంగులో ముంచి, గుడ్డమీద అచ్చు వేసి, ఆ గుడ్డలను మడిచి కుట్టేవారు. అదే పుస్తకం. ఓబులేసు బొమ్మలు చెక్కేవాడు. బీరమ్మ బొమ్మ కింద నాలుగు ముక్కలు కట్టేది. అన్నీ రాజుల దండయాత్రలే. ప్రతి పుస్తకం మీదా జగ్గప్ప పేరే.

ఒకనాడు వాన పడుతుండగా వీధిలో ఒక మంద పోయింది. కిటికీలోంచి తడి ఉన్ని వాసన వచ్చింది. బీరమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

"తమ్ముడూ, నాయన మొహం గుర్తుంది. గొంతు మాత్రం కొంచెం కొంచెంగా జారిపోతోందిరా. రేపు కథ కూడా జారిపోతే?"

ఓబులేసు ఉలి పక్కన పెట్టాడు. "పుస్తకం వేద్దాం అక్కా. మన వీరుడిది. మనమే వేద్దాం."

అనడం తేలికే. చెక్క కావాలి, గుడ్డ కావాలి, రంగు కావాలి, అవి అయ్యేదాకా తిండి కావాలి. ఓబులేసు మూడు బొమ్మలు మాత్రం చెక్కి అచ్చు వేశాడు. అవి పట్టుకుని ఇద్దరూ పెద్దల ఇళ్లకు బయలుదేరారు.

మొదట ఒక పండితుడి దగ్గరికి వెళ్లారు. ఆయన బొమ్మలు చూసి పెదవి విరిచాడు. "వీరుడంటే రాజవంశంలో పుట్టాలి. గొర్రెల కాపరి వీరుడేమిటమ్మా? వీడి వంశం మార్చుకుని రండి, రాజుగారికి మాట చెబుతాను."

తరువాత కోట దొరగారి దగ్గరికి వెళ్లారు. ఆయన బొమ్మలు చూసి మీసం దువ్వాడు. "బాగుంది, బాగుంది. వీడికి నా మొహం పెట్టండి. కావలసినంత గుడ్డ ఇప్పిస్తాను."

ఆఖరికి తమ యజమాని జగ్గప్ప దగ్గరికే వెళ్లారు. ఆయన గడుసువాడు. బొమ్మల్ని చాలాసేపు చూశాడు. అవి ఎంత మంచివో ఆయనకు తెలిసిపోయింది.

"గొంగడి తీసేసి పట్టుశాలువా కప్పండి. తక్కినదంతా నేను చూసుకుంటాను. ఉండటానికి ఇల్లిస్తాను. ఒకటే మాట, వీరుడు నావాడు. ఆ తరువాత వాడు ఎగరాలన్నా దిగాలన్నా నేను చెప్పాలి."

ఇల్లు అనగానే ఓబులేసు అక్క మొహంలోకి చూశాడు. బీరమ్మ బొమ్మలు మడిచి చంకన పెట్టుకుంది.

"అయ్యా, మీ ఉప్పు తిన్నాం. మీ బొమ్మలు మీకు చెక్కి పెట్టాం. ఈ వీరుడు మాత్రం మా నాయన ఇచ్చినవాడు, అమ్మడానికి మాకు చెయ్యి రాదు" అంది.

ఆ మాటతో అంగడిలో పని పోయింది.

మరునాడు సంత. అక్కాతమ్ముళ్లు ఏమీ తోచక సంతలో ఒక మూల కూర్చున్నారు. పక్కన మజ్జిగ అమ్మే లచ్చుమవ్వ ఉంది. ఆమె మనవరాలు ఒకటే మారాం చేస్తుంటే, బీరమ్మ ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడు బొమ్మలూ చూపిస్తూ కథ ఎత్తుకుంది. పిల్ల ఏడుపు ఆపింది. గాజులమ్మే ఆయన బేరం ఆపాడు. ఉప్పు బండి ఆగింది. వీరుడు వరద మీద గొంగడి పరిచేసరికి చుట్టూ సందు లేకుండా జనం.

"తరువాత?" అన్నారు అందరూ.

"తరువాతి బొమ్మలు లేవు" అంది బీరమ్మ. జరిగిందంతా చెప్పింది.

లచ్చుమవ్వ మజ్జిగ కవ్వం పక్కన పెట్టింది. "ఏమే అమ్మీ, పెళ్లి పందిరి వెయ్యాలంటే ఒక్కరే వేస్తారా? ఒకరు గుంజ తెస్తారు, ఒకరు ఆకు తెస్తారు, ఒకరు తాడు తెస్తారు. పుస్తకానికి మాత్రం ఒక్క దొరే ఎందుకు? తలా ఒకటి తెస్తే లేవదా?"

బీరమ్మ లేచి నిలబడింది. అంతమంది ముందు మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"అయ్యలారా, అమ్మలారా, మీకు తోచింది ఇవ్వండి. ఉగాది సంతకు పుస్తకం తెస్తాం. ఇచ్చినవారి ఊరికి ముందు ఇస్తాం. చివరి బొమ్మలో వీరుడు కాపాడిన ఊరి జనం ఉంటారు. ఆ జనంలో మీ మొహాలే చెక్కుతాం. మాటిస్తున్నాం."

నేతగాళ్లు తెల్లగుడ్డ ఇచ్చారు. కట్టెల అడితి వీరభద్రయ్య పెద్ద కోపిష్టి, అయినా నాలుగు టేకు చెక్కలు తెచ్చి పడేశాడు. అద్దకం పని చేసే నాగులమ్మ నీలిమందు మూట ఇచ్చింది. ఇంకొకరు జొన్నలు, ఇంకొకరు చింతపండు. ఏమీ లేని ఒకావిడ, "నా పాత పశువుల కొట్టం ఖాళీగా ఉంది, అందులో పని చేసుకోండి" అంది.

పిల్లలూ, ఆ చలికాలం గురించి బీరమ్మ ముసలితనంలో కూడా చెప్పుకునేది. కొట్టంలో ఉలి చప్పుడు. చెక్క పొట్టు వాసన. దారిన పోయేవాళ్లు తల లోపల పెట్టి, "మా వీరుడు ఎందాకా వచ్చాడు?" అని అడిగిపోవడం. ఓబులేసు ఒక్కొక్కరినీ ఎదుట కూర్చోబెట్టుకుని మొహాలు చెక్కేవాడు. వీరభద్రయ్య కూర్చున్నప్పుడు మాత్రం, "ముక్కు కాస్త చిన్నది చెయ్యరా" అని బతిమాలాడు.

అచ్చులన్నీ అయ్యాయి. వాటిని పైన అటక మీద పెట్టారు. గుడ్డ కోసి పేర్చారు. ఇక అచ్చు వేయడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడు అకాలవాన వచ్చింది. వడగళ్లతో వచ్చింది. కొట్టం వెనక గోడ కూలింది. నీళ్లు లోపలికి దూకాయి, నీలిమందు మూట పగిలింది, ఆ నీలినీళ్లు తెల్లగుడ్డ అంతటికీ పట్టాయి. అటక మీది అచ్చులు మాత్రం బతికాయి.

వాన వెలిశాక ఓబులేసు ఆ గుడ్డల మధ్య కూలబడ్డాడు. "సంత ఎల్లుండే అక్కా. ఏ మొహం పెట్టుకుని పోదాం?"

ఈ సంగతి జగ్గప్పకు తెలిసింది. బండి కట్టించుకుని వచ్చాడు. బండినిండా పుస్తకాలే. అమ్ముడుపోకుండా మిగిలిన పాత రాజుల కథలు.

"బాధపడకండి" అన్నాడు మెత్తగా. "వీటికి మీ అట్ట వేసి పంచేయండి. సంతజనానికి ఏం తెలుస్తుంది? పుస్తకం అన్నారు, పుస్తకం ఇచ్చారు. మాట దక్కుతుంది. బదులుగా ఆ అచ్చులు నాకిచ్చేయండి."

ఓబులేసు తల వంచుకుని, "అక్కా, కనీసం పరువు దక్కుతుంది" అన్నాడు.

బీరమ్మకూ ఒక్క క్షణం మనసు జారింది. సంతలో తలెత్తి నిలబడవచ్చు. ఎవరూ తిట్టరు. కానీ నీలిమందు మూట ఇస్తూ నాగులమ్మ పడిన సంబరం కళ్లముందు మెదిలింది.

"వాళ్లు మనల్ని నమ్మింది పుస్తకం కోసం కాదురా, ఈ పుస్తకం కోసం. అబద్ధం ఇచ్చి నిజమనుకోమంటే, మనం వాళ్ల జొన్నలు దొంగిలించినట్టే" అంది. జగ్గప్పకు దణ్ణం పెట్టి బండి వెనక్కి పంపేసింది.

ఉగాది సంత వచ్చింది. జనం పిల్లల్ని చంకనెత్తుకుని మరీ వచ్చారు. బీరమ్మ చేతిలో పుస్తకం లేదు. తడిసి మరకలుపడ్డ గుడ్డల మూట ఉంది. దాన్ని అందరి ముందూ దించింది.

"పుస్తకం తేలేకపోయాను. వానకు గోడ పడింది. మీరిచ్చిన గుడ్డ ఇదిగో, ఇట్లా అయింది. ఎవరిది వారికి తిరిగి ఇవ్వాలంటే మాకు కొంతకాలం పడుతుంది. కూలి చేసైనా ఇస్తాం. మీకు చెప్పకుండా పారిపోవడానికి మాత్రం కాళ్లు రాలేదు."

మొదట వీరభద్రయ్య మండిపడ్డాడు. "ఆడపిల్ల మాట, నీటి మూట! నా చెక్కల్లో మిగిలిందేదో ఇటు పడెయ్!" ఓబులేసు మిగిలిన ముక్క తెచ్చి ఇచ్చాడు. ఆయన దాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తరువాత నేతగాళ్ల పెద్ద తడిసిన గుడ్డ కేసి ఒకసారి చూశాడు. తలపాగా తీసి దులిపి మళ్లీ కట్టుకున్నాడు. ఆ చూపు బీరమ్మకు తిట్టుకంటే బరువైంది.

మూడో మనిషిగా నాగులమ్మ ముందుకొచ్చింది. రంగులతో బతికే మనిషి కదా, ముందు గుడ్డను ముట్టుకుంది. ఒక గుడ్డ విప్పి ఎండకెత్తి పట్టుకుంది. నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా, అంచుల్లో తెల్లగా పాకి ఉంది.

"ఇది పాడైందని ఎవరన్నారే?" అంది. "ఇట్లా చూడండి. మబ్బు కాదూ ఇది?"

అందరూ తలెత్తి చూశారు. అవును, మబ్బే. ఇంకో గుడ్డ విప్పింది. వాన దిగుతున్న ఆకాశం. ఇంకోటి విప్పితే, జల్లు వెలిశాక తెరిపి.

ఓబులేసు కొట్టానికి పరుగెత్తి అచ్చొకటి, నల్లరంగూ తెచ్చి, రంగులో ముంచి, ఆ నీలం మీద ఒత్తాడు. గొంగడి వీరుడు నిజంగా మబ్బుల్లో ఎగురుతున్నాడు!

"ఈ ఆకాశం నేను చెక్కి ఉంటే జన్మలో వచ్చేది కాదక్కా" అన్నాడు.

"ఈ రంగు పోకుండా నిలబెట్టే పని నాది" అంది నాగులమ్మ. "కుట్టే పని మా ఇంటి ఆడవాళ్లది" అన్నాడు నేతగాళ్ల పెద్ద. లచ్చుమవ్వ మజ్జిగ కుండ దించి, "ముందు ఇది తాగండి, ఎండగా ఉంది" అంది.

సంత మైదానంలోనే పని మొదలైంది. ఒకరు రంగు కలిపారు, ఒకరు ఒత్తారు, ఒకరు ఆరేశారు. సంతంతా తాళ్లు కట్టి గుడ్డలు ఆరేస్తే, ఆ ఊళ్లో ఆకాశమే కిందికి దిగినట్టుంది. పొద్దు వాలకముందే మొదటి పుస్తకం తయారైంది. బీరమ్మ చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. జారిపోయిందనుకున్న నాయన గొంతు తన గొంతులోనే వినబడింది.

వీరభద్రయ్య సందడి విని వచ్చి వెనక నిలబడ్డాడు. ఎవరో చివరి బొమ్మ చూపించారు. ఊరి జనంలో ఆయన మొహం ఉంది. ఆయన తిట్టి వెళ్లినా దాన్ని తీసెయ్యలేదు. ముక్కు మాత్రం కాస్త చిన్నది. ఆయన అది చూసి, అడితికి వెళ్లి, వీరుడి రెండో కథకు చెక్కలు తెచ్చి పడేశాడు.

ఆ ఏడు మబ్బుకోన పిల్లలంతా తువ్వాళ్లు భుజాన కట్టుకుని ఈలలు వేస్తూ గట్ల మీంచి దూకారు. ఎన్ని మోకాళ్లు కొట్టుకుపోయాయో! ఏ రెండు పుస్తకాల్లోనూ ఆకాశం ఒకలా ఉండేది కాదు. "మా ఇంటి వీరుడికి వాన ఎక్కువ," "మా ఇంటి వీరుడికి ఎండ వచ్చింది" అని పిల్లలు పోట్లాడుకునేవారు. కొన్నాళ్లకు జగ్గప్ప కూడా సంతకు వచ్చి, అందరితోపాటు తన వంతు గుడ్డ ఇచ్చి, తన మొహం చెక్కించుకుని పోయాడు.

ఇప్పుడు ఆ పుస్తకాలు లేవు. చేతులు మారి మారి, మడతల దగ్గర చినిగి, ఆఖరికి పసిపిల్లల ఉయ్యాలల్లో పక్కబట్టలయ్యాయి. వాటిని తిప్పిన వేళ్లూ లేవు. అయినా మబ్బుకోనలో ముసలివాళ్లు వాన మబ్బు చూస్తే, "అదిగో, మా పుస్తకంలోది" అని ఇప్పటికీ చేయెత్తి చూపిస్తారట.

కాబట్టి పిల్లలూ, నమ్మి చేయి కలిపినవారి దగ్గర నష్టాన్ని దాచకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవారికే నలుగురి చేతులూ తోడవుతాయి.