తాత వేటకత్తికి పదును పరీక్ష

ఎర్రమెట్టలో గవరయ్య, పోలయ్య, సోంబాబు అని ముగ్గురు అన్నదమ్ములు. చెప్పింది చెప్పినట్టు చేసే బుద్ధిమంతులు ఊరంతా వెతికినా తమలాంటివాళ్ళు దొరకరని వాళ్ళ గర్వం. నిజమే, దొరకరు.

వాళ్ళ తాత వేటకత్తి మేనమామ కన్నంనాయుడి దగ్గర ఉండేది. పాత ఉక్కు. ఇప్పటి తళతళలాడే చాకులున్నాయి చూశారూ, చూడ్డానికి పెళ్ళికొడుకులు, టమాటా ఎదురైతే నీరసం. మా హాస్టల్లో అలాంటిదొకటి ఉండేది, దాంతో రొట్టెకి వెన్న రాసుకునేవాళ్ళం. సరే, అది వేరే గొడవ. పాత ఉక్కు అలా కాదు. పదునూ త్వరగా ఎక్కుతుంది, ఏమరితే తుప్పూ త్వరగా ఎక్కుతుంది.

అందుకే మామ కత్తి అప్పగిస్తూ, తడి తగలనివ్వొద్దనీ, ఆముదం రాసి ఉంచమనీ చెప్పాడు. సానరాయి మీద నూరాక ముంజేతి మీద గీస్తే వెంట్రుకలు రాలాలన్నాడు.

"అమావాస్యకి వస్తాను. తుప్పు కనపడినా, వెంట్రుక రాలకపోయినా కత్తి నాతో వచ్చేస్తుందిరా."

ఆ వారమే వాన పట్టుకుంది. ఇల్లు కారింది. ఇంకేముంది, ఉన్న ఒక్క గొడుగూ కత్తికి పట్టి, వంతులేసుకుని పక్కన తడిశారు. పోలయ్యకి జ్వరమొచ్చింది. కత్తికి రాలేదు కదా అని మిగతా ఇద్దరూ సంతోషించారు.

వాన వెలిశాక నూరారు. గవరయ్య ముంజేతి మీద గీశాడు. వెంట్రుకలు జలజలా రాలాయి. ఎవరి చేత్తో వాళ్ళు చూస్తేనే నమ్మకమన్నారు తమ్ముళ్ళు. అంతే, అందరి చేతులూ బోడి. మర్నాడు మళ్ళీ గీసి చూస్తే ఒక్క వెంట్రుకా రాలలేదు.

"రాత్రికి రాత్రే మొద్దుబారిపోయింది" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, సానరాయి. నూరారు, గీశారు, రాలలేదు. మళ్ళీ నూరారు. సానరాయికి గుంట పడింది. వెడల్పాటి కత్తి కొబ్బరి ఈనెలా తయారైంది. మొద్దుబారింది చేతులేమోనని సోంబాబు అనుమానపడ్డాడు. అంతే, చేతుల్నే నూరారు. తోలు లేచాక మానేశారు.

అమావాస్యకి మామ రానే వచ్చాడు. కత్తి తరవాత చూస్తానని, భోంచేసి అరుగు మీద గుర్రు పెట్టాడు. తాత కత్తి పోతుందని ముగ్గురూ ఏడుపు మొహాలతో చుట్టూ కూర్చున్నారు. మామ చేతుల మీద పరీక్షిద్దామంటే పొడుగు చేతుల చొక్కా. పోలయ్య కాసేపు చూసి, మీసానికి చొక్కా లేదు కదా అన్నాడు.

ఒక్క గీత. జలజలా.

మామ లేచి మూతి తడుముకున్నాడు.

"తుప్పు చూడు మావయ్యా, ఎక్కడా లేదు" అన్నాడు గవరయ్య. నిజమే, పట్టడానికి ఇనుమేదీ?

"పదును మేమే చూసేశాం" అని పోలయ్య అరచెయ్యి చాపాడు. అందులో మీసం.

కన్నంనాయుడు కత్తి ఊసెత్తకుండా, మూతికి కండువా చుట్టుకుని బస్సెక్కేశాడు. కత్తి దక్కింది.

తెల్లారింది. మళ్ళీ పదును చూడాలి కదా. ఇంట్లో ఎవరికీ వెంట్రుక మొలవలేదు. గవరయ్య బాగా ఆలోచించి చిన్నమామకి ఫోన్ చేశాడు.

"రేపు భోజనానికి రా మావయ్యా. గడ్డం మాత్రం గీయించుకోకు."